ట్రైనింగ్ ప్రోగ్రాముల డ్యాష్‌బోర్డు కట్టాను, ఎవరూ తెరవడం లేదు

ముగ్గు_గీసేవాడు | సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్తే. ఉపాధి శిక్షణ ఇచ్చే ఒక సంస్థలో డేటా పని చూస్తాను. 14 సెంటర్లు, 6 కోర్సులు, నెలనెలా కొత్త బ్యాచ్‌లు. రెండు నెలలు కూర్చుని డ్యాష్‌బోర్డు కట్టాను. మొదటి పేజీలోనే 22 చార్టులు, పైన స్పీడోమీటర్ లాంటి గేజ్‌లు నాలుగు, పక్కన ఒక మ్యాపు. లాంచ్ రోజు చప్పట్లు కొట్టారు. మూడో వారం లాగిన్లు చూస్తే నేను, మా టీమ్‌లో ఇంకొకడు, అంతే. మిగతావాళ్ళు మళ్ళీ "ఆ ఎక్సెల్ షీట్ పంపుతారా" అని మెయిల్ పెడుతున్నారు.

రంగులు మార్చనా? గేజ్‌లు తీసి డోనట్ చార్టులు (మధ్యలో చిల్లు ఉండే గుండ్రటివి) పెట్టనా? డార్క్ మోడ్ అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. డిజైన్ తెలిసినవాళ్ళు దారి చూపండి.

ఎక్సెల్_బంటు | 10:58

22 చార్టులా! ఒకే పేజీలోనా! ఏది ఎవరు అడిగారో ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా?

ముగ్గు_గీసేవాడు | 11:05

ఒక్కో డిపార్ట్‌మెంటు రెండు మూడు అడిగింది. ఎవరినీ నొప్పించడం ఎందుకని అన్నీ పెట్టేశా.

ఎక్సెల్_బంటు | 11:09

అయితే మీరు తీసింది పెళ్ళి గ్రూప్ ఫోటో. అందరూ ఉంటారు, ఎవరి మొహమూ కనపడదు.

ఎక్సెల్ అడుగుతున్నారని మాత్రం వాళ్ళను తిట్టుకోకండి. ఆ షీట్‌తో ఏం చేస్తున్నారో పక్కన నిలబడి చూడండి. నేను చూసినంతలో ఫిల్టర్ పెడతారు, పేర్లు బయటికి తీస్తారు, ఫోన్ చేతిలోకి తీసుకుంటారు. ఆ పని మీ డ్యాష్‌బోర్డులో అవుతుందా?

సెంటర్_అక్క | మధ్యాహ్నం 1:20

అన్నం తింటూ చదివాను, నవ్వొచ్చింది. సెంటర్ కోఆర్డినేటర్‌ని. మాకూ ఇలాంటిదే ఒకటి ఇచ్చారు.

నా రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున అటెండెన్స్ అయ్యేసరికి నాకు కావలసింది: వరసగా మూడు రోజులు రానిది ఎవరు, సర్టిఫికెట్ వచ్చినా ఇంటర్వ్యూకి పంపనిది ఎవరిని, పోయిన నెల ఉద్యోగంలో చేరినవాళ్ళలో ఇంకా జాయినింగ్ లెటర్ తేనిది ఎవరు. డ్యాష్‌బోర్డు తెరిస్తే "మీ ప్లేస్‌మెంట్ 61 శాతం" అని పెద్ద అక్షరాల్లో కనపడుతుంది. సంతోషమే. కానీ నేను 61 శాతానికి ఫోన్ చేయలేను కదా అండీ.

ఇంకోటి, నేను చూసేది ఫోన్‌లో. మీ 22 చార్టులు ఫోన్‌లో ఎంత సైజులో వస్తాయో ఒకసారి చూసుకోండి.

లెక్కల_మామయ్య | 2:45

అక్కగారు అసలు సంగతికి దగ్గరగా వచ్చారు కాబట్టి ఒకటి అడుగుతాను. ఆ 61 శాతానికి హారం ఏమిటి? మెడలో వేసుకునేది కాదు, భిన్నంలో గీత కింద ఉండేది.

ముగ్గుగారూ, ఒక బ్యాచ్ అనుకోండి. చేరినవాళ్ళు 100. కోర్సు పూర్తిచేసినవాళ్ళు 80. పరీక్ష పాసై సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళు 64. ఉద్యోగంలో చేరినవాళ్ళు 48. ఇప్పుడు ప్లేస్‌మెంట్ ఎంత? చేరినవాళ్ళ మీద 48 శాతం. పూర్తిచేసినవాళ్ళ మీద 60. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ మీద 75. మూడూ నిజాలే. రిపోర్టు రాసే మనిషి 75 ఎంచుకుంటాడు, నిధులిచ్చే మనిషి 48 అడుగుతాడు, మీటింగులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ రోజు నుంచి మీ డ్యాష్‌బోర్డు మీద నమ్మకం పోతుంది. ఆ తర్వాత డార్క్ మోడ్ పెట్టినా, పట్టుచీర కట్టినా ఎవరూ తెరవరు.

అమెరికాలో 2014లో వర్క్‌ఫోర్స్ ఇన్నొవేషన్ అండ్ ఆపర్చునిటీ యాక్ట్ అని ఒక చట్టం వచ్చింది. ప్రోగ్రాం నుంచి బయటికొచ్చాక రెండో క్వార్టర్‌లో (క్వార్టర్ అంటే మూడు నెలల విడత) ఎంతమంది పనిలో ఉన్నారు, నాలుగో క్వార్టర్‌లో ఎంతమంది అని కొలిచే సమయాన్ని చట్టంలోనే కట్టేశారు. సంపాదనకు కూడా సగటు వద్దు, మధ్యస్థం చూడమన్నారు, అంటే అందరినీ సంపాదన వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషిది. ఎందుకంటే పది మందిలో తొమ్మిది మందికి నెలకు 12 వేలు వచ్చి, ఒక్కడికి 72 వేలు వస్తే సగటు 18 వేలు అవుతుంది. ఆ 18 వేలు అందుకున్న మనిషి ఆ పది మందిలో ఒక్కడు కూడా లేడు.

చార్టులన్నీ పక్కన పెట్టి, మీ పేజీలో ఉన్న ప్రతి శాతానికీ పైన ఏముంది, కింద ఏముంది అని ఒక కాగితం మీద రాయండి. తర్వాత మాట్లాడుకుందాం.

ముగ్గు_గీసేవాడు | సాయంత్రం 6:30

మామయ్యగారూ, రాశాను. సిగ్గుగా ఉంది. ప్లేస్‌మెంట్ శాతం నా పేజీలో నాలుగు చోట్ల ఉంది. గేజ్‌కి సర్టిఫికెట్ వాళ్ళు హారం. మ్యాపుకి చేరినవాళ్ళు. మిగతా రెండూ కోర్సు పూర్తిచేసినవాళ్ళ మీద. ఎవరూ పట్టుకోలేదు అనుకున్నాను, ఇప్పుడు ఆలోచిస్తే పట్టుకునే ఉంటారు. అందుకే ఎక్సెల్ అడుగుతున్నారేమో.

ఫాలోఅప్_డెస్క్ | 7:15

హారం మాట వచ్చింది కాబట్టి మా బాధ కూడా వినండి. ఉద్యోగంలో చేరిన మూడు నెలలకు ఫోన్ చేసి "ఇంకా పనిలో ఉన్నారా" అని అడిగే డెస్క్ మాది. మామయ్యగారి 48 మందినే తీసుకోండి. అందులో ఫోన్ ఎత్తింది 30 మంది. 27 మంది పనిలోనే ఉన్నామన్నారు. డ్యాష్‌బోర్డు "నిలకడ 90 శాతం" అని ఆకుపచ్చగా వెలిగింది. 48 మీద లెక్కేస్తే 56. ఎత్తని 18 మంది సంగతి ఎవరికీ తెలియదు. కొందరు నంబరు మార్చారు, కొందరు పని మానేసి మాతో మాట్లాడటం ఇష్టంలేక ఎత్తరు. రెండో రకం వాళ్ళు ఎక్కువ ఉంటే 90 అనేది పచ్చి అబద్ధం.

"తెలియదు" అనేదాన్ని ఒక గడిగా చూపించమని ఏడాదిగా అడుగుతున్నాం. బూడిద రంగులో 18 అని చూపిస్తే చాలు. "చూడటానికి బాగుండదు" అన్నారు.

సెంటర్_అక్క | 7:40

ఆ బూడిద గడి మీద నొక్కితే 18 పేర్లు వస్తే ఇంకా మంచిది. అందులో సగం మంది నంబర్లు నా డైరీలో ఉంటాయి.

కొత్త_బ్యాచ్ | రాత్రి 9:02

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర ప్లేస్‌మెంట్ లైన్ చార్టు ఎప్పుడు చూసినా చివరి మూడు నెలలు కిందికి జారుతూనే ఉంటుంది. ప్రతి రివ్యూలో "ఎందుకు పడిపోయింది" అని టీమ్‌ని నిలబెడతారు. తర్వాతి రివ్యూకి ఆ నెలలు లేచిపోయి ఉంటాయి, కొత్త నెలలు పడిపోయి ఉంటాయి. ఇది దెయ్యమా?

లెక్కల_మామయ్య | 9:30

దెయ్యం కాదు, పచ్చి కాయ. పోయిన నెల అయిపోయిన బ్యాచ్‌కి ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక నెలే దొరికింది. ఆరు నెలల కిందటి బ్యాచ్‌కి ఆరు దొరికాయి. రెండింటినీ ఒకే లైనులో పెట్టి పోలిస్తే కొత్తది ఎప్పుడూ ఓడిపోతుంది.

అడ్డంగా క్యాలెండర్ నెలలు తీసేసి "కోర్సు అయ్యాక ఎన్నో నెల" అని పెట్టండి. ఒక్కో బ్యాచ్ ఒక్కో గీత. అప్పుడు మూడో నెలలో మార్చి బ్యాచ్ ఎక్కడుంది, ఏప్రిల్ బ్యాచ్ ఎక్కడుంది అని సమానంగా చూడొచ్చు. గడువు నిండని బ్యాచ్‌ల గీత అక్కడితో ఆగిపోతుంది, అంతే. క్యాలెండర్ చార్టే కావాలని పట్టుబడితే పండని నెలలను చుక్కల గీతగా వేసి "ఇంకా గడువు ఉంది" అని అక్కడే రాయండి. కింద ఫుట్‌నోట్‌లో రాస్తే ఎవరూ చదవరు.

రంగుల_రాట్నం | మంగళవారం, ఉదయం 8:50

డిజైనర్‌ని. ముగ్గుగారు మొదట అడిగిన రంగుల సంగతి అందరూ మర్చిపోయారు పాపం.

గేజ్‌లు తీసేయండి. ఒక్క సంఖ్య చెప్పడానికి అరచేయంత చోటు తింటాయి. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1984లో ప్రయోగాలు చేసి చూపించారు: ఒకే స్కేలు మీద ఉన్న స్థానాలను మనిషి కన్ను బాగా పోలుస్తుంది, కోణాలను అంతకన్నా తక్కువ, వైశాల్యాన్ని ఇంకా తక్కువ. డోనట్ అంటే కోణమూ వైశాల్యమూ కలిపిన అవస్థ. 14 సెంటర్లను పోల్చాలంటే అడ్డంగా 14 బార్లు, పెద్దది పైన, చిన్నది కింద, పక్కనే సంఖ్య. బోరింగ్‌గా ఉంటుంది, ఒప్పుకుంటాను. టార్గెట్ కూడా చూపించాలంటే స్టీఫెన్ ఫ్యూ తయారుచేసిన బుల్లెట్ గ్రాఫ్ చూడండి, బారు మీద టార్గెట్ ఒక చిన్న నిలువు గీతగా ఉంటుంది. గేజ్ చేసే పని సన్నటి పట్టీలో అయిపోతుంది.

ఎరుపు, ఆకుపచ్చ ఒక్కటే ఆధారంగా పెట్టకండి. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 8 శాతం మందికి ఈ రెండూ సరిగా విడిపోవు. మిగతా చోట్ల శాతం మారుతుంది కానీ సమస్య అన్ని చోట్లా ఉంది. రంగుతో పాటు గుర్తో మాటో ఉండాలి. లేత బూడిద మీద తెల్ల అక్షరాల ఫ్యాషన్ కూడా వద్దు. వెబ్ యాక్సెసబిలిటీ మార్గదర్శకాలు మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా) అడుగుతాయి. ఎండలో నిలబడి ఫోన్ చూసే సెంటర్ అక్కలాంటివాళ్ళకు అంతకన్నా ఎక్కువున్నా నష్టం లేదు.

మ్యాపు ఎందుకు పెట్టారు? నిజంగా అడుగుతున్నాను.

ముగ్గు_గీసేవాడు | 9:10

బాగుంటుందని.

నిన్నటి_ఎంబీఏ | 9:41

ఒక పేజీలో ఏడు కన్నా ఎక్కువ చార్టులు పెట్టకూడదని రూలు ఉంది. మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 1956, ఏడుకి రెండు అటూ ఇటూ.

లెక్కల_మామయ్య | 9:55

బాబూ, మిల్లర్ చెప్పింది కాసేపు మనసులో పట్టి ఉంచుకోగల సంగతుల గురించి. తెర మీద ఉన్నదాన్ని ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు, కళ్ళ ముందే ఉంటుంది. ఏడు పనికిరాని చార్టులు కూడా ఎక్కువే.

రివ్యూ_మీటింగ్ | 11:20

నేను అటువైపు మనిషిని, ప్రోగ్రాం నడిపేవాడిని. మీరంతా పేర్ల జాబితాలు అంటున్నారు. నాకు 14 సెంటర్లు. 3 వేల పేర్లు చూస్తూ కూర్చోలేను. ఒక పేజీ, ఏ సెంటర్ వెనకబడిందో ఎర్రగా కనపడాలి, నేను ఆ సెంటర్‌కి ఫోన్ చేయాలి. నిజం చెప్పాలంటే ఎరుపు కనపడితేనే జనం కదులుతారు. రంగులు తీసేస్తే ఎవరూ పట్టించుకోరు.

సెంటర్_అక్క | 11:48

సార్, కదులుతాం. ఎటు కదులుతామో కూడా చెప్పనివ్వండి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట రెండు నెలలు వరసగా ఎరుపులో ఉన్నాం. మూడో నెల నుంచి అడ్మిషన్ అప్పుడే "ఈ పిల్లకి ఉద్యోగం వస్తుందా" అని చూసి తీసుకోవడం మొదలుపెట్టాం. పదో తరగతి ఆగిపోయినవాళ్ళను, చంటిపిల్లల తల్లులను "వచ్చే బ్యాచ్‌లో చూద్దాం" అని పంపేశాం. ఆకుపచ్చ వచ్చింది. చెప్పుకోవడానికి గర్వంగా లేదు.

లెక్కల_మామయ్య | 12:30

దీనికి ఆ రంగంలో పాత పేరే ఉంది, మీగడ తీయడం అంటారు. అమెరికాలో 1982లో వచ్చిన జాబ్ ట్రైనింగ్ పార్ట్‌నర్‌షిప్ యాక్ట్ కింద శిక్షణ సంస్థలకు పనితీరు ప్రమాణాలు పెట్టినప్పుడు ఆర్థికవేత్తలు దీని మీద చాలా పరిశోధన చేశారు. నేను ఇందాక చెప్పిన 2014 చట్టంలో టార్గెట్‌లను అభ్యర్థుల నేపథ్యాన్ని, స్థానిక ఉపాధి పరిస్థితిని బట్టి సర్దే గణాంక నమూనా పెట్టడానికి కారణం ఇదే గొడవ.

రివ్యూ సార్ ఒక లెక్క చూడాలి. సెంటర్ ఒకటిలో 100 మంది. 90 మంది డిగ్రీ ఉన్నవాళ్ళు, వాళ్ళలో 72 మందికి ఉద్యోగం. మిగిలిన 10 మంది చదువు మధ్యలో ఆపినవాళ్ళు, వాళ్ళలో 3. మొత్తం 75 శాతం, ఆకుపచ్చ. సెంటర్ రెండులోనూ 100 మంది. డిగ్రీ ఉన్నవాళ్ళు 20, ఉద్యోగం 17 మందికి. చదువు ఆపినవాళ్ళు 80, ఉద్యోగం 32 మందికి. మొత్తం 49 శాతం, ఎరుపు. మీరు రెండో సెంటర్‌కి ఫోన్ చేసి కేకలేస్తారు.

ఇప్పుడు విడగొట్టి చూడండి. డిగ్రీ వాళ్ళలో మొదటిది 80 శాతం, రెండోది 85. చదువు ఆపినవాళ్ళలో మొదటిది 30, రెండోది 40. రెండు గుంపుల్లోనూ బాగా చేసింది ఎర్రగా ఉన్న సెంటరే. దీన్నే సింప్సన్ వైరుధ్యం అంటారు.

రివ్యూ_మీటింగ్ | 12:52

ఈ లెక్కను రెండుసార్లు కాగితం మీద వేసి చూసుకున్నాను. సరే. అయితే నా ఒక్క పేజీలో ఏం పెట్టాలి? అది చెప్పండి.

రంగుల_రాట్నం | 1:30

బెన్ ష్నైడర్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1996లో చెప్పిన వరస ఇప్పటికీ పనిచేస్తుంది: ముందు మొత్తం కనపడాలి, తర్వాత దగ్గరకు వెళ్ళి వడపోసుకోగలగాలి, వివరం అడిగినప్పుడే రావాలి. మీ పేజీలో 14 బార్లు. ఒక్కో బారు నొక్కితే గుంపులవారీగా విడిపోతుంది. ఇంకోసారి నొక్కితే బ్యాచ్. అక్కడి నుంచి పేర్లు, అది కూడా ఆ సెంటర్ వాళ్ళకు మాత్రమే. అక్కగారి ఫోన్‌లో దీన్ని తలకిందులు చేయండి, తెరవగానే పేర్లు, మొత్తం ఎక్కడో వెనక. ఒకే డేటా, రెండు గుమ్మాలు.

తాళం_చెవి | 2:05

పేర్లు అన్న మాట దగ్గర ఆగండి. బయటివాళ్ళకు లేదా నిధులిచ్చేవాళ్ళకు చూపించే పేజీలో మరీ చిన్న సంఖ్యలున్న గడులు మూసేయాలి. ఒక బ్యాచ్‌లో 9 మంది, అందులో వికలాంగులు ఇద్దరు, ఇద్దరికీ ఉద్యోగం రాలేదు అని పెడితే ఆ ఇద్దరూ ఎవరో ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. ఎంతకన్నా తక్కువుంటే దాచాలో మీ సంస్థే ఒక అంకె నిర్ణయించుకోవాలి. 5 అనీ 10 అనీ పెట్టుకుంటారు.

ఒక్క గడి దాస్తే సరిపోదు. మొత్తం 9, మిగతావాళ్ళు 7 అని పక్కనే ఉంటే 2 అని తీసివేత వచ్చిన పిల్లాడు కూడా చెప్తాడు. ఇంకో గడి కూడా మూయాలి. ఎక్స్‌పోర్ట్ బటన్‌లోనూ ఇదే పాటించాలి. తెర మీద దాచి, ఎక్సెల్‌లో అన్నీ దింపుకోనిచ్చిన డ్యాష్‌బోర్డులు నేను చూశాను.

మోడరేటర్ | సాయంత్రం 4:00

ఏ బీఐ టూల్ (డ్యాష్‌బోర్డులు కట్టే సాఫ్ట్‌వేర్) గొప్పదన్న 17 పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ దయచేసి విషయం మీదే ఉండండి.

ఎక్సెల్_బంటు | 4:03

అందులో 9 నావే. క్షమించాలి.

ఫాలోఅప్_డెస్క్ | 4:20

ముగ్గుగారూ, మళ్ళీ మొదలుపెట్టే ముందు ఐదుగురిని కూర్చోబెట్టి వాడించండి. మామూలు లోపాల్లో ఎక్కువ భాగం బయటపడటానికి ఆ మాత్రం చాలని వెబ్‌సైట్ల వాడుకను పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. మీరు నోరు మూసుకుని కూర్చోవాలి, అదే కష్టం.

ముగ్గు_గీసేవాడు | మూడు వారాల తర్వాత, శుక్రవారం, సాయంత్రం 5:15

మళ్ళీ వచ్చాను. ఫాలోఅప్ గారు చెప్పినట్టు చేశాను. నోరు మూసుకోవడం నిజంగానే కష్టం.

మా కోఆర్డినేటర్ ఒకావిడ పక్కన కూర్చున్నాను. పాత వెర్షన్ తెరిచారు. కాసేపు చూశారు. "మా పిల్లలు సగం మంది ఏరండీ" అన్నారు. నాకూ అర్థం కాలేదు. 212 ఉండాల్సిన చోట 97 ఉంది. డేటా పోయిందేమోనని నాకు చెమటలు పట్టాయి. తీరా చూస్తే పోయిన వారం ఆవిడ ఒక కోర్సు ఫిల్టర్ పెట్టారు, సిస్టమ్ దాన్ని గుర్తుపెట్టుకుంది. అది నేనే గొప్ప సౌకర్యం అనుకుని పెట్టిన ఫీచర్. ఫిల్టర్ ఉందని చెప్పేది మూలన చిన్న గరాటు బొమ్మ ఒక్కటే. ఆవిడ అది ప్రింట్ గుర్తు అనుకున్నారట.

తర్వాత ఆవిడ పర్సులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, తెర మీది పేర్లను పెన్నుతో రాసుకోవడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగాను (ఒక్కసారి నోరు తెరిచాను). ఫోన్ చేశాక ఎవరు ఏమన్నారో రాసుకోవడానికి చోటు లేదు కదా అన్నారు.

మిగతా నలుగురిలో ఇద్దరు "ఇది ఎప్పటి డేటా" అని అడిగారు. ఎక్కడా రాయలేదు.

ఇప్పుడున్నది ఇది. మొదటి పేజీలో నాలుగే ఉన్నాయి. ప్రతి శాతం కిందా "64 మందిలో 48" అని మాటల్లో ఉంటుంది, హారం దాచడానికి వీల్లేదు. ఫిల్టర్ పెడితే పైన పసుపు పట్టీలో "మీరు ఒక కోర్సు మాత్రమే చూస్తున్నారు, అన్నీ చూపించు" అని వస్తుంది, లాగౌట్ అయితే పోతుంది. ఎప్పటి డేటా అనేది శీర్షిక పక్కనే. బూడిద గడి పెట్టాను. మ్యాపు తీసేశాను, ఎవరూ అడగలేదు. ఫోన్‌లో తెరిస్తే నేరుగా "ఈ రోజు మాట్లాడాల్సినవాళ్ళు" వస్తుంది, పేరు పక్కన ఫోన్ గుర్తు, చిన్న నోట్ రాసుకునే గడి.

ఓడిపోయింది ఒక్క చోట. గేజ్‌లలో ఒకటి ఉంచాల్సి వచ్చింది. పెద్దసార్‌కి అదంటే ఇష్టం.

రంగుల_రాట్నం | 5:32

ఆ ఒక్కటీ ఉండనివ్వండి. హారం రాశారుగా.

రివ్యూ_మీటింగ్ | 5:50

గుంపులవారీగా విడిపోయే బార్లు మాకూ పెట్టించాను. మొన్న రివ్యూలో నేను కేకలేద్దామనుకున్న సెంటర్‌ని వదిలేసి ఇంకో సెంటర్‌కి ఫోన్ చేశాను. వాళ్ళకు ఇంకా అర్థం కాలేదు ఎందుకో.

సెంటర్_అక్క | శనివారం, ఉదయం 10:25

ముగ్గుగారూ, మీ డిజైన్ చూపించి మావాళ్ళతో కూడా అలాంటి జాబితా పెట్టించుకున్నాను. ఈ రోజు ఏడుగురి పేర్లు వచ్చాయి. నలుగురు ఎత్తారు, ఒకమ్మాయి పని మానేసిందట, కారణం నోట్‌లో రాశాను. ఇద్దరు ఎత్తలేదు. ఒకరి నంబరు తప్పు, వాళ్ళ అన్నయ్య కొత్త నంబరు ఇచ్చాడు. మీ దాంట్లో నంబరు సరిచేసే బటన్ ఎక్కడ పెట్టారు? మావాళ్ళకు చూపిస్తాను.

ముగ్గు_గీసేవాడు | 10:31

పెట్టలేదండీ. అది నాకు తట్టనే లేదు. సోమవారానికి పెడతాను.